వాగు చేసిన ఉద్యోగం

ఆ నీటి శుద్ధి ప్లాంటులో రోజూ తిరిగే మోటారు ఒక్కటే, మేనేజరు గదిలో ఫ్యానుది. మిగతావి చుట్టాలొచ్చినప్పుడు బయటికి తీసే కొత్త దుప్పట్లలాంటివి. గేటు దగ్గర కారు హారన్ వినపడగానే ఆపరేటరు కునుకు చాలించి, కళ్ళు నులుముకుంటూ వెళ్ళి స్విచ్ వేసేవాడు. ఉత్త నీళ్ళలో ఇనప రెక్కలు గిరగిరా తిరిగి చెవులు చిల్లులు పడేలా మోత పెట్టేవి. వచ్చిన పెద్దమనుషులు ఆ మోత విని, ఇక్కడేదో బ్రహ్మాండమైన పని జరిగిపోతోందని తలలూపి, టీ తాగి వెళ్ళిపోయేవారు. పైన పటారం, లోన లొటారం.

ఈ నాటకానికి టికెట్టు కొనని ప్రేక్షకురాలు కెమిస్టు. ప్లాంటు చివరి గదిలో గాజు సీసాల మధ్య కూర్చుని ఆమె అంతా చూసేది. నవ్వొచ్చినప్పుడు కిటికీ వైపు తిరిగేది.

కొండ మీద ఎప్పుడో మూతబడిన గని ఒకటుంది. మనుషులు వదిలేసినా నీళ్ళు దాన్ని వదల్లేదు. సొరంగం నోట్లోంచి పుల్లటి నీళ్ళు, కరిగిన ఇనుమునూ పాషాణాన్నీ మోసుకుంటూ వాగై కిందికి దిగుతాయి. పాషాణమంటే చదువుకున్నవాళ్ళు ఆర్సెనిక్ అనే విషం. దానికి రంగుండదు, రుచుండదు, తొందర అంతకన్నా ఉండదు. దాన్ని తీసెయ్యడానికే కంపెనీ వాగుకు అడ్డంగా ఈ ప్లాంటు కట్టింది. నీళ్ళలో సున్నం కలిపి తిప్పితే విషం అడుగున పేరుకుంటుందని లెక్క. లెక్క బాగానే ఉంది. కానీ ఆపరేటరు ఓసారి వరస సెలవులు వచ్చాయని సున్నం తొట్టి మోటారు ఆపేసి ఇంటికి పోయాడు. తిరిగొచ్చేసరికి సున్నం బండయింది. గునపం వేస్తే గునపమే వంగింది. ఆనాటి నుంచీ వాగు ప్లాంటులోకి ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి పోతోంది, గుమ్మంలోనే పలకరించి కూర్చోకుండా వెళ్ళిపోయే చుట్టంలాగా.

విడ్డూరమేమిటంటే, ప్లాంటు పడుకున్నా కిందికి పోయే నీళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి. తన మందులేమైనా పాడయ్యాయా అని ఆమె మొదట అనుమానపడింది. తర్వాత సీసాలు సంచిలో వేసుకుని వాగు వెంబడి పైకి నడిచింది. ప్రతి మలుపులోనూ నీళ్ళు పట్టి, మందు కలిపి, సీసా మూతిలో పరీక్ష కాగితం బిగించి చూసింది. విషముంటే ఆ తెల్ల కాగితం రంగు మారుతుంది. సొరంగం దగ్గర కాలిన అట్టలా నల్లబడింది. బండరాళ్ళ మలుపులో చిక్కటి టీ రంగు. ఇంకా కిందికొస్తే పసుపు. ప్లాంటు వాకిట్లో పాలమీగడ.

పని చేస్తున్నది వాగే. అడుగున రాళ్ళకు పట్టిన ఎర్రటి జిగురులో కంటికి ఆనని క్రిములు కోట్లకొద్దీ కాపురం ఉంటున్నాయి. కరిగిన ఇనుమును తిని అవి తుప్పు చేస్తాయి. బెల్లానికి ఈగల్లా పాషాణం పోయి ఆ తుప్పుకు అంటుకుని, నీళ్ళను వదిలేసి రాళ్ళ మీదే ఉండిపోతుంది. వాగుకు జీతం లేదు, సెలవు లేదు, ఎవరొచ్చినా మోత పెట్టదు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అసలు చెప్పాలనిపించే మొహం ఒక్కటంటే ఒక్కటి లేదు అక్కడ. జిగురు చేసిన పనికి మేనేజరు ప్రతి సమావేశంలోనూ తన మెడలో తనే దండ వేసుకుంటుంటే, ఆమె రెండేళ్ళుగా ఆ తమాషాను దాచుకున్న మిఠాయిలా ఒక్కర్తే చప్పరిస్తోంది.

*

ఆ వారం మొదట్లో మేనేజరు ఆమెను గదికి పిలిపించాడు. మనిషి మర్యాదస్తుడే. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ తల ఊపుతాడు, ఒక్క ముక్క వినడు. బల్లకు ఈ పక్క అతని బావమరిది కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ప్లాంటులో గడ్డి పీకించడం దగ్గర్నుంచి గోడలకు రంగులు వేయించడం దాకా కాంట్రాక్టులన్నీ అతనివే. అత్త సొమ్ము అల్లుడి దానం అంటారు. ఇక్కడ కంపెనీ సొమ్ము, బావమరిది ధర్మం.

శనివారం కంపెనీ పెద్ద మేడమ్ స్వయంగా వస్తున్నారని మేనేజరు చెప్పాడు. ఆవిడ కారు దిగేది వంతెన దగ్గర. అక్కణ్ణుంచి ప్లాంటు దాకా దారి వాగు పక్కనే. ఆ వాగేమో చూడబోతే రోత.

"నీళ్ళు కడిగే చోట ఆ ఎర్ర బురదేమిటండీ? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు.

"వాగుకు జలుబు చేసింది బావా. ముక్కు తుడిచేస్తే సరి," అన్నాడు బావమరిది.

తుడవడానికి అతని దగ్గర ఏర్పాటు సిద్ధంగా ఉంది. బండరాళ్ళ మలుపు నుంచి ప్లాంటు దాకా పొక్లెయినుతో అడుగు గీకించేస్తాడు. మిగిలిన రాళ్ళను మనుషుల్ని పెట్టి తోమిస్తాడు. పైన తెల్ల గులకరాళ్ళు పరిపిస్తాడు. ఫొటోల్లో చూస్తే పెద్ద హోటల్ తోటలా ఉంటుందన్నాడు. తీసిన మట్టిని కూడా పారెయ్యడట. పూలతోటల వాళ్ళకు ఎర్రమట్టి అంటే ప్రాణమట.

కెమిస్టు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆ జిగురును కదపకపోతేనే మంచిదండీ," అంది.

"ఎందుకని?" అన్నాడు మేనేజరు.

జవాబు ఆమె నాలుక చివరే ఉంది. చెప్పాలంటే క్రిముల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అవి కుడతాయా అని బావమరిది అడుగుతాడు. మేనేజరు తల ఊపుతాడు. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన? పైగా చెప్పేస్తే ఇన్నాళ్ళ తమాషాకు తెరపడిపోతుంది. చేసుకోనీ అనుకుంది. మూతి కాలితేగానీ వీళ్ళకు వేడి తెలియదు.

"ఏం లేదండీ. అలవాటైన వాగు కదా అని," అంది.

మేనేజరు హాయిగా నవ్వాడు. "మీరు అంకెల సంగతి చూసుకోండి, చాలు. మీ చేతిలో అంకెలెప్పుడూ బాగానే ఉంటాయిగా," అంటూ కన్ను గీటినంత పని చేశాడు.

తలకు మాసినవాడి పొగడ్త కూడా తలకు మాసినట్టే ఉంటుందనుకుని ఆమె లేచి వచ్చేసింది.

*

పొక్లెయిన్ రెండు రోజులు గీకింది. దాని తొట్టి వాగులోకి దిగినప్పుడల్లా ఎర్రటి జిగురు చప్పుడు లేకుండా చీలి, తడి తివాచీలా ముడతలు పడి పైకొచ్చేది. గట్టు మీద కుప్ప పోసి టార్పాలిన్ కప్పారు. వెనకాలే పనివాళ్ళు కొబ్బరిపీచుతో రాళ్ళను తోమారు, అంట్లు తోమినట్టు. బావమరిది గట్టు మీద కుర్చీ వేయించుకుని, ఆ రాయి చంక కూడా రుద్దండి అని పురమాయించాడు. తర్వాత లారీ వచ్చి గులకరాళ్ళను గలగలా గుమ్మరించింది.

నీళ్ళు తేరాయి. నిజంగానే అద్దమంటే అద్దం. ఆపరేటరు వాగు పక్కన నిలబడి తల దువ్వుకున్నాడు. ఆఫీసులో ఉన్నవాళ్ళంతా వరసగా వచ్చి ఫొటోలు దిగారు. కరిగిన ఇనుము కంటికి కనపడదని గానీ, తుప్పు పట్టించేవాళ్ళు లేకపోతే అది కరిగే ఉంటుందని గానీ, దాన్ని పట్టుకుని ఆగిపోవాల్సిన విషం ఇప్పుడు చేతులూపుకుంటూ సాగిపోతోందని గానీ ఎవరికీ పట్టలేదు.

ఆమె గుంపు చెదిరాక వెళ్ళి ప్లాంటు వాకిట్లో నీళ్ళు పట్టుకొచ్చింది. మందు కలిపి, కాగితం బిగించి, చేతులు కట్టుకుని కూర్చుంది. కాగితం పాలమీగడ దాటింది. పసుపు దాటింది. టీ రంగు దగ్గర కూడా ఆగకుండా ముదురుతూ పోయింది. ఆమెకు ఒళ్ళు జలదరించలేదు. నిజం చెప్పాలంటే, కడుపు నిండింది. ఆ కాగితాన్ని కిటికీ అద్దానికి అంటించి, శనివారం మేనేజరు మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ చేతులు కడుక్కుంది.

కిందివాళ్ళ సంగతి తట్టలేదా అంటే తట్టింది. ప్లాంటు దాటాక కొంత దూరంలో ఈ వాగులో మంచినీటి వాగు ఒకటి వచ్చి కలుస్తుంది. ఆ నీళ్ళకు ఈ నీళ్ళు పలచబడిపోతాయి, నాలుగు రోజులకేం కాదులే అని తనకు తనే సర్టిఫికెట్ ఇచ్చుకుంది. ఎండలు ముదిరి ఆ మంచి వాగు దారప్పోగులా సన్నబడిపోయి ఎన్నాళ్ళయిందో కిటికీలోంచి కనపడదు.

మర్నాడు పొద్దున్నే అక్క నుంచి ఫోను వచ్చింది. దూడకు బాగాలేదు, నీ దగ్గరేదైనా మందుంటే పట్టుకురా అని.

*

అక్క ఇల్లు రెండు వాగులూ కలిసిన చోటుకు దిగువన ఉంది. ఇంటి వెనక పాక, పాకలో ఆవులు, పాక వెనకే వాగు. బావ పాలు పొయ్యడానికి వెళ్ళాడు. అక్క పాక గుమ్మంలో గోనెసంచి పరుచుకుని, దూడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దూడ పారుకుని పారుకుని డొక్కలు అంటుకుపోయి ఉంది. తోక మీద ఈగలు ముసిరినా కదిలించడం లేదు.

పశువుల డాక్టరు వచ్చి సూది వేసి వెళ్ళాడని, ఏదో తినకూడని ఆకు తిని ఉంటుందన్నాడని అక్క చెప్పింది. "ఆకెక్కడిది దీనికి? ఇంకా గడ్డే సరిగా కొరకదు. రెండు రోజుల్నుంచి వాగు దగ్గరే ఉంటోంది. నీళ్ళు అంత తేటగా ఉంటే పసిదానికి ఆట కదూ."

కెమిస్టు సంచి విప్పింది. పాక వెనక్కి వెళ్ళి నీళ్ళు పట్టింది. మెట్టు మీద సీసా పెట్టి, కాగితం బిగించి, దాని ముందు గొంతుక్కూర్చుంది. కాగితం టీ రంగుకు తిరిగింది. మంచి వాగు కలిసిన తర్వాత కూడా ఆ రంగు.

"అక్కా, ఈ నీళ్ళు ఆపేయ్. ఆవుల్ని వాగు దగ్గరికి పోనివ్వకు. పై బావి నుంచి మోసుకొచ్చి పెట్టు. చుట్టుపక్కల వాళ్ళకు కూడా చెప్పు," అంది.

అక్క ఆమెను ఎగాదిగా చూసింది. "తుప్పు నీళ్ళు చూసి నేను భయపడితే, ఏం పర్లేదు, బంగారంలాంటి నీళ్ళు అన్నావు. నువ్వు చెప్పావు గదా అని అందరికీ అదే చెప్పాను. ఇవాళ అద్దంలాంటి నీళ్ళొస్తే విషమంటున్నావు. అసలు నీకేది నచ్చుతుందే చెల్లీ?"

చెప్పడానికి ఇప్పుడు కూడా ఆమెకు నోరు రాలేదు. ఈసారి కారణం వేరు. సీసా సంచిలో పడేసుకుని, మళ్ళీ వస్తానని గబగబా నడిచింది. వెనక నుంచి అక్క ఏదో అడుగుతూనే ఉంది.

*

మేనేజరు ఫ్యాను కింద కూర్చుని, పెద్ద మేడమ్‌కు ఇవ్వాల్సిన పూలగుత్తి ఎంత ఉండాలో బావమరిదికి చేతులతో కొలిచి చూపిస్తున్నాడు. కెమిస్టు రెండు కాగితాలనూ బల్ల మీద పెట్టింది. ప్లాంటు వాకిటిది ఒకటి, అక్క పాక వెనకది ఒకటి. ఇవాళ మర్యాదలకు తావు లేదు. ఎర్రటి జిగురు ఏమిటో, దాంట్లో ఏముందో, రెండేళ్ళుగా నీళ్ళను కడుగుతున్నది ఎవరో మొదట్నుంచి చివరిదాకా చెప్పేసింది. ప్లాంటు ఒక బొమ్మ అని, ఆడించేవాళ్ళు కూడా లేని బొమ్మ అని కూడా చెప్పింది. మేనేజరు తల ఊపడం మర్చిపోయాడు. బహుశా జీవితంలో మొదటిసారి వింటున్నాడు.

"అంటే, ఇన్నాళ్ళూ మీరిచ్చిన అంకెలు నిజమా?" అన్నాడు చివరికి.

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. "నిజం కాకపోతే మరేమిటి?"

మేనేజరు బావమరిది వైపు చూసి మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. అతని మొహంలో వెటకారం లేదు. అదే భరించలేకపోయింది ఆమె. "మీరు సర్దుతున్నారనుకున్నానమ్మా. సున్నం బండయ్యాక కూడా అంకెలు అంత బాగుంటే ఇంకేమనుకుంటాను? మంచి మనిషి, మాట బయటికి పోకుండా చూసుకుంటోంది, మనలాంటిదే అనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పాను."

"అవును, మా అక్కయ్యకు కూడా మీరంటే గౌరవం," అన్నాడు బావమరిది.

తను వాళ్ళను చూసి రెండేళ్ళు నవ్వుకుంది. ఆ రెండేళ్ళూ వాళ్ళు తనను తమ పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వేశారు. దొంగలెక్కలు రాసే మనిషని ఇంటిల్లిపాదీ ఆమెను మెచ్చుకున్నారు.

మేనేజరే ముందు తేరుకున్నాడు. "ఎందుకని అడిగాను గదమ్మా ఆరోజు. ఆ ఒక్క ముక్క అప్పుడు చెబితే నేను ఆ మిషను తెప్పిస్తానా?"

చెప్పినా తెప్పించేవారే అనాలనుకుంది. అనలేకపోయింది. ఎందుకంటే, అతను పిరికివాడు. పిరికివాళ్ళు భయపెడితే ఆగుతారు. ఆమె భయపెట్టలేదు.

ఇక బేరం మొదలైంది. ఆమె అడిగింది ఒకటే: టార్పాలిన్ కింద ఉన్న జిగురు ఎండిపోకముందే, ఇవాళే, తిరిగి వాగులో పరవాలి. మేనేజరు శనివారం దాటనిమ్మన్నాడు. తెల్ల గులకరాళ్ళ మీద బురద పులిమితే పెద్ద మేడమ్‌కు ఏం చెప్పుకోవాలన్నాడు. మట్టి మొత్తం పూలతోట వాళ్ళకు మాటిచ్చేశానని, సాయంత్రం లారీ వస్తోందని బావమరిది అడ్డుపడ్డాడు.

"మా అక్క సంగతి మీకు తెలియదు," అంది కెమిస్టు. "దూడ పోయిందంటే దాన్ని భుజాన వేసుకొచ్చి పెద్ద మేడమ్ కారుకు అడ్డం నిలబడుతుంది. పక్కిళ్ళ వాళ్ళు వాళ్ళ దూడల్ని తెస్తారు. పూలగుత్తి ఎక్కడ పెట్టుకుంటారో చూసుకోండి."

మేనేజరు ఫ్యాను వైపు చూశాడు. తర్వాత, మట్టి వేయించుకోండి గానీ ప్లాంటు నడవట్లేదన్న మాట మాత్రం ఈ నాలుగు గోడలు దాటకూడదు అన్నాడు. ఆమె సరేనంది. దూడ డొక్కలు కళ్ళ ముందుంటే ఎవరైనా సరేననే అంటారు. తిలా పాపం తలా పిడికెడు. ఇన్నాళ్ళూ ఆమె పిడికిలి మూసి ఉంది కాబట్టి ఖాళీ అనుకుంది.

*

జిగురును తొట్టితో గుమ్మరిస్తే కొట్టుకుపోతుంది. రాయి రాయికీ చేత్తో పట్టించాలి. శుక్రవారం పొద్దున్నే ఆమె చెప్పులు గట్టున వదిలి వాగులోకి దిగింది. పెట్టెలో ఉన్నన్ని రబ్బరు తొడుగులు పనివాళ్ళకు పంచింది, ఆమె దాకా రాలేదు. పనివాళ్ళు బకెట్లలో అందిస్తుంటే, దోసిళ్ళతో తీసి గులకరాళ్ళ మధ్య సందుల్లో కూరి, పైన పల్చగా అలికింది. ఒక దగ్గర నీటి వడి ఎక్కువైతే పెద్ద రాయి అడ్డం పెట్టి వడి విరిచింది. మొన్న ఆ రాళ్ళను తోమిన పనివాళ్ళే ఇవాళ పులుముతున్నారు. తెల్లారేసరికి కంపెనీకి పిచ్చి ముదిరిందని ఒకడంటే, కూలి ఇస్తున్నంత కాలం ముదరనీ అన్నాడు ఇంకొకడు.

మధ్యాహ్నానికి ఆపరేటరు కూడా వచ్చి ప్యాంటు మడిచాడు. నిద్ర పట్టలేదన్నాడు. బావమరిది మాత్రం కుర్చీ వదల్లేదు. తీసినందుకొక బిల్లు, వేసినందుకొక బిల్లు అని ఆపరేటరు గొణిగితే, వాగు దయ అన్నాడు నిజాయితీగా.

సాయంత్రానికి వాగు మళ్ళీ వికారంగా తయారైంది. అంత అందమైన వికారాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. చేతులు మోచేతుల దాకా ఎర్రబడి, సబ్బుకు లొంగలేదు. ప్లాంటు వాకిట్లో కాగితం ఇంకా టీ రంగే చూపించింది, కాకపోతే కాస్త నీళ్ళు పోసిన టీ.

*

పెద్ద మేడమ్ నిజంగానే పెద్దావిడ. చేతికర్ర పట్టుకుని, వంతెన దగ్గర కారు దిగి, వాగును చూసి ఆగిపోయింది. మేనేజరు పూలగుత్తి అందించాడు. ఆవిడ దాన్ని వెనకవాళ్ళకిచ్చేసి కర్రతో నీళ్ళను చూపించింది.

"ఈ ఎరుపేమిటి?"

మేనేజరుకు అరక్షణం కూడా పట్టలేదు. "అదేనండీ మన ప్రకృతి సహజ శుద్ధి విధానం. మన ప్లాంటులో మనమే పెంచుతున్నాం. క్రిములండీ. ఇనుము తింటాయి," అంటూ మొన్న ఆమె చెప్పిందంతా, బెల్లం ఈగలతో సహా, అప్పజెప్పేశాడు. వినడని ఆమె అనుకున్న మనిషి ఒక్క ముక్క వదల్లేదు. వెనకవాళ్ళు ఆహా అన్నారు. దూరంగా ప్లాంటులో రెక్కలు మోత పెడుతున్నాయి.

ముసలావిడ కళ్ళు మాత్రం ఆ వరసలో ఎవరి చేతులు ఎర్రగా ఉన్నాయో వెతికి పట్టుకున్నాయి. "ఏమ్మా, ఆ మోత పెడుతున్న మిషను నువ్వే నడుపుతావా?" అంది.

మొన్న సరేనన్న మాట ఆమెకు గుర్తుంది. మనలాంటిదే అన్న మాట ఇంకా బాగా గుర్తుంది.

"అది ఊరికే తిరుగుతోందండీ," అంది. "సున్నం బండయి రెండేళ్ళయింది. ప్లాంటు నడవట్లేదు. నడిచేది ఈ వాగొక్కటే. ఈ వారం దాన్ని కూడా గీకేశాం. నిన్న మళ్ళీ అతికించాం. కింద పశువులకు జబ్బు చేసింది."

మేనేజరు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. బావమరిది అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు కారు వెనక్కి నడిచాడు. పెద్ద మేడమ్ ప్లాంటు వైపు తిరిగింది.

"అయితే దీన్ని ఎందుకు కట్టినట్టు?"

ఇక మునిగాడనుకుంది కెమిస్టు. మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "వాగు దానంతటదే పని చేస్తోందని తెలుసుకోవడానికేనండీ," అన్నాడు వినయంగా. "తెలిసిన రోజే మోటార్లన్నీ ఆపించేశాను. రెండేళ్ళ కరెంటు ఆదా. మీకు శుభవార్తగా చెబుదామని దాచి ఉంచాం."

ముసలావిడకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వితే వెనకవాళ్ళంతా నవ్వారు. ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. పశువుల సంగతి కనుక్కోమని ఆవిడ ఎవరితోనో అంది. ఆ ఎవరో ఇంకెవరికో చెప్పారు. చప్పట్లలో ఆ మాట ఎక్కడ పడిపోయిందో మరి కనపడలేదు. మేనేజరు కెమిస్టును పక్కకు లాక్కుని ఫొటోలో నిలబెట్టాడు. చేతులు వెనక్కి పెట్టుకోమ్మా, ఎర్రగా ఉన్నాయి అన్నాడు ఆప్యాయంగా.

*

ఆదివారం ఆమె వెళ్ళేసరికి దూడ లేచి నిలబడింది. కాళ్ళు వణుకుతున్నా తోక ఆడిస్తోంది. అక్క పాకలో లేదు. పొలం గట్టు మీద బిందె నెత్తిన పెట్టుకుని పై బావి నుంచి వస్తోంది. పాక ముందు తొట్టిలో నీళ్ళు పోసి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని, మళ్ళీ బయల్దేరబోతూ చెల్లెల్ని చూసింది.

కెమిస్టు కాగితం చూపించింది. "రంగు తగ్గుతోంది. జిగురు పూర్తిగా కుదురుకోవడానికి ఇంకో నెల పడుతుంది. అంతదాకా వాగు నీళ్ళు వద్దు. బాగయ్యాక నేనే వచ్చి చెబుతాను."

"అక్కర్లేదులే," అంది అక్క.

కోపంగా అనలేదు. ఎండకు కళ్ళు చికిలించి, వాగు వైపు చూస్తూ అంది. నిన్న ఆపరేటరు ఈ దారిన పోతూ ఆగి, జరిగిందంతా చెప్పాడట. ఆ ఎర్రదనం ఏమిటో, అదేం చేస్తుందో కూడా తనకు తెలిసినంత చెప్పాడట.

"నీకు ముందే తెలుసటగా," అంది అక్క.

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

చెప్పినా నీకేం అర్థమవుతుందిలే అనుకున్నాను అన్నది నిజమైన జవాబు. మేనేజరుకు చెప్పనిది కూడా ఆ కారణంతోనే. ఆపరేటరుకు చెప్పనిదీ అందుకే. ఆ జవాబును ఆమె అక్క మొహం మీద అనలేక తల దించుకుంది. అక్క దాన్ని ఆ దించిన తలలోనే చదువుకుంది.

"బంగారంలాంటి నీళ్ళు అనడానికి బదులు, ఆ ఎర్ర జిగురే నీళ్ళను కాస్తోందని ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఆ మిషనుకు అడ్డంగా నేను పడుకునేదాన్ని కదే," అంది అక్క.

గట్టు మీద రెండో బిందె బోర్లించి ఉంది. కెమిస్టు వంగి దాన్ని అందుకుంది. ఎర్రబడిన వేళ్ళు ఇత్తడి మీద మరకలు వేశాయి. అక్క చూసింది గానీ తుడవమనలేదు. ముందు నడిచింది. నాలుగడుగులు వేశాక, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఇంతకీ ఆ క్రిములేం తింటాయన్నావు?"

బావి దూరమే. చెల్లెలు బిందె చంకకు మార్చుకుని, సొరంగం దగ్గర్నుంచి మొదలుపెట్టింది.